తేనెపట్టు బోటి

మా అమ్మమ్మ హెప్జిబాకి
ఇరవై ఒకటో పుట్టినరోజున ఇంట్లోవాళ్ళిచ్చిన కానుక
నోట్లో పళ్ళన్నీ పీకించడం.
లాంకషైర్‌లో, నెల్సన్ ఊళ్ళో, మగ్గాల వీధుల్లో
అప్పటికది వింతేం కాదు.
రేపు మొగుడి జేబుకి పంటి ఖర్చు తగలకూడదని
పుట్టింటివాళ్ళ ముందుచూపు.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం!
ఆవిడకి దొరికిన రాయి పేరు డాక్టర్ వామ్స్‌లీ.
కుర్చీ తోలుది, బేసిను ఎనామిల్‌ది.

కట్టుడుపళ్ళు ఎన్నడూ సరిగ్గా కుదర్లేదు.
ఏప్రన్ జేబులో, నూలుముక్కల మధ్య,
వాటి నవ్వేదో అవి నవ్వుకుంటూ పడుండేవి.

నాలుగొందల మగ్గాలు ఒక్కసారి ఆడే షెడ్డులో
గొంతుతో పని లేదు.
పెదవులు సాగదీసి, ముడిచి, సున్నా చుట్టి
ఆడవాళ్ళు మొగుళ్ళ మీద చాడీలు
ఇరవై గజాల అవతలికి విసిరేవారు.
పళ్ళు లేని పెదవులు లోపలికి మడతపడితే
చదివేవాళ్ళకి అక్షరాలు అలుక్కుపోతాయి.
అలా, ఎవరికీ ఏమీ వినపడని చోట
మా అమ్మమ్మ నత్తిదైంది.
నేను మాత్రం ఆ పెదాల దగ్గరే ఓనమాలు దిద్దాను.

శుక్రవారం కూలిడబ్బు చేతిలో పడితే
తిన్నగా సేగర్ కొట్టుకే.
పాలరాతి బల్ల మీద బోటి
ఉతికి మడతపెట్టిన తువ్వాళ్ళలా ఉండేది.
ఆ తువ్వాలు రకం వద్దు, తేనెపట్టు రకమే కావాలి ఆవిడకి:
గదులు గదులుగా ఉన్నది,
వెనిగర్ నిలవడానికి చోటున్నది.
చల్లగానే, ఉప్పూ మిరియాలూ చల్లుకుని
చిగుళ్ళతో నొక్కితే చాలు.
ఆవు నాలుగు కడుపుల్లో ఒకదాన్ని
తన ఒక్క కడుపులో పెట్టుకుని
సోమవారందాకా ఎవరి మీదా కోపం లేకుండా తిరిగేది.
"గంటలో అరిగిపోతుంది" అనేది,
చర్చిలో విన్న మాటంత నమ్మకంగా.

ఇప్పుడు బర్న్‌లీ ఆసుపత్రిలో
నమలలేనివాళ్ళకి ఏం పెట్టాలో రాసే పని నాది.
వంద గ్రాముల ఉడికిన బోటి:
మాంసకృత్తులు పన్నెండు గ్రాముల లెక్క,
కొవ్వు నాలుగు,
క్యాలరీలు వందకి కాస్త తక్కువ,
జింకు, సెలీనియం, రక్తానికి కావలసిన బి-పన్నెండు.
కొలెస్టరాల్ నూటయాభై దాటింది, దాచను.
సి విటమిన్ సున్నా.
ఆ మాంసకృత్తుల్లోనూ జిగురు పాలే ఎక్కువ,
ఒంటరిగా కండ కట్టలేదు, పక్కన ఇంకోటి ఉండాలి.
చలికాలం అమ్మమ్మ దాన్ని ఉల్లిపాయలేసి
పాలల్లో ఉడికించేది.
పట్టికలు చూసి కాదు.
ఉల్లిపాయలు చవక, పాలు అరువిచ్చేవారు.

మూడో వార్డులో మిసెస్ థ్రెల్‌ఫాల్,
తొంభై దాటిన మనిషి, ఒకప్పటి నేతగత్తె.
పక్షవాతం మాటని పట్టుకుపోయింది.
గులాబిరంగు పుడ్డింగు తెస్తే
మొహం గోడకి తిప్పుకునేది.
వారానికో కిలో తగ్గుతోంది.

మార్కెట్లో మిగిలిన ఒకే ఒక్క కొట్టుకి వెళ్ళాను.
"కుక్క ఏ జాతిదండీ?" అన్నాడు కుర్రాడు, తూస్తూ.
"నేతజాతి" అన్నాను.
వాడికి అర్థం కాలేదు, చిల్లరిచ్చాడు.

పాలల్లో ఉడికించి, వెన్నలా నూరి,
అనుమతి కాగితం మీద మూడు సంతకాలు పెట్టించి,
చెంచాతో అందించాను.
నాలుక మీద కాసేపు ఉంచుకుంది.
మింగింది.
కళ్ళు తెరిచి నన్ను చూసి
పెదవులు సాగదీసింది, ముడిచింది, మళ్ళీ సాగదీసింది.
శబ్దం లేదు.
నర్సు అంది, "నొప్పేమో."

కాదు.
నలభై ఏళ్ళ తర్వాత చదువుతున్నాను కదా,
కూడబలుక్కోడానికి కొంచెం టైం పట్టింది.

వెనిగర్.

నా పట్టికలో దానికి గడే లేదు.
రెండంతస్తులు దిగి క్యాంటీన్‌కి పరిగెత్తాను,
చిప్స్ బల్ల మీది సీసా ఎత్తుకొచ్చాను,
ఇంకా ఎవరికీ చెప్పలేదు.